శ్రీధరన్ లేఖకు పదిహేడేళ్లు

2025 సెప్టెంబరు చివరి వారంలో తెలంగాణ ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి, ఎల్ అండ్ టీ అధినేత ఎస్.ఎన్. సుబ్రహ్మణ్యన్ హైదరాబాద్‌లో సమావేశమయ్యారు. మెట్రో రైలు మొదటి దశను రాష్ట్ర ప్రభుత్వం స్వాధీనం చేసుకోవడానికి ఆ భేటీలో సూత్రప్రాయంగా అంగీకారం కుదిరింది. మెట్రో మీద ఉన్న సుమారు 13 వేల కోట్ల రూపాయల అప్పును రాష్ట్రం తలకెత్తుకుంటుంది. సంస్థ వాటా కింద మరో 2 వేల కోట్ల రూపాయల దాకా చెల్లిస్తుంది. ప్రభుత్వ-ప్రైవేటు భాగస్వామ్యంలో ప్రపంచంలోనే అతి పెద్ద మెట్రో అని దశాబ్దంన్నర పాటు ఊరేగించిన ప్రాజెక్టు, ఒక్క మధ్యాహ్నపు చర్చతో సర్కారు ఖాతాలోకి వచ్చింది.

సరిగ్గా పదిహేడేళ్ల కిందట, 2008 సెప్టెంబరులో, ఇదే ప్రాజెక్టు గురించి ఒక లేఖ ఢిల్లీలో చేతులు మారింది. రాసినవారు ఢిల్లీ మెట్రో రైల్ కార్పొరేషన్ మేనేజింగ్ డైరెక్టర్ ఇ. శ్రీధరన్. అందుకున్నవారు ప్రణాళికా సంఘం ఉపాధ్యక్షుడు మాంటెక్ సింగ్ అహ్లూవాలియా. నిర్మించి, నడిపి, గడువు తీరాక అప్పగించే బీఓటీ పద్ధతి మెట్రోకు పనికిరాదని శ్రీధరన్ అందులో రాశారు. నగరం నడిబొడ్డున 296 ఎకరాలను వ్యాపారానికి రాసివ్వడమంటే ఇంట్లోని వెండి సామాను అమ్ముకోవడమేనన్నారు. బిడ్డరు దృష్టి రైలు మీద కన్నా, రైలు రాకతో ధర పెరిగే సొంత భూముల మీదే ఉన్నట్టు కనిపిస్తోందని, ఇది ఏదో ఒకరోజు రాజకీయ కుంభకోణంగా బయటపడుతుందని హెచ్చరించారు. లేఖ పత్రికలకెక్కింది. వైఎస్ రాజశేఖర రెడ్డి ప్రభుత్వం భగ్గుమంది. క్షమాపణ చెప్పకపోతే పరువునష్టం దావా వేస్తామంది. హైదరాబాద్ ప్రాజెక్టుకు సలహా సంస్థగా ఉన్న ఢిల్లీ మెట్రో కార్పొరేషన్ పక్కకు తప్పుకుంది.

ఇప్పుడు ఆ లేఖ మళ్లీ సామాజిక మాధ్యమాల్లో తిరుగుతోంది. 'మెట్రో మనిషి ఆనాడే చెప్పాడు' అన్నది దానికి తగిలించిన వ్యాఖ్య. ఆ మాటలో నిజం ఉంది, కానీ సగమే. మిగిలిన సగాన్ని వదిలేస్తే, రేపు విజయవాడలోనో విశాఖపట్నంలోనో హైదరాబాద్ రెండో దశలోనో అదే తప్పు మరో రూపంలో ఎదురవుతుంది. ఒక లేఖ నెగ్గిందా ఓడిందా అన్న చర్చతో ఆగకుండా, ఈ దేశంలో రవాణా సలహాదారు అనే మనిషి ఏం చేస్తాడు, అతని మాట ఎవరి జేబులోంచి డబ్బు తీస్తుంది, ఆ మాట తప్పినప్పుడు ఎవరు అడుగుతారు అన్న ప్రశ్నల దాకా వెళ్లాలి. అందుకు శ్రీధరన్ జీవితానికి మించిన ఉదాహరణ దొరకదు.

దేశం ఆయనను ఇంజనీరుగా గుర్తుపెట్టుకుంది. 1932లో పాలక్కాడ్ జిల్లాలో పుట్టి, కాకినాడ ప్రభుత్వ ఇంజనీరింగ్ కళాశాలలో చదివి, రైల్వేలో చేరారు. 1964 డిసెంబరు తుపానుకు కొట్టుకుపోయిన పంబన్ వంతెనను 46 రోజుల్లో తిరిగి నిలబెట్టిన ఉదంతం ఇప్పటికీ చెప్పుకుంటారు. అయితే 1990లో రైల్వే బోర్డు సభ్యుడిగా పదవీ విరమణ చేసేనాటికి ఆయన పేరు రైల్వే వర్గాల బయట పెద్దగా ఎవరికీ తెలియదు. కొంకణ్ రైల్వే, ఢిల్లీ మెట్రో, కొచ్చి, లఖ్‌నవూ, అన్నీ ఆ తరువాతి పనులే. ఒప్పందం మీదో, పొడిగింపుల మీదో, సలహాదారు హోదాలోనో చేసినవే. ఉద్యోగ విరమణతో ముగియాల్సిన జీవితం అక్కడే మొదలైంది. ఆ రెండో జీవితంలో ఆయన పరిష్కరించిన ప్రధాన సమస్య సొరంగాలది కాదు, వంతెనలదీ కాదు. డబ్బుది.

డబ్బు పాఠం ఆయనకు కోల్‌కతాలో దొరికి ఉండాలి. 1970ల తొలినాళ్లలో అక్కడి మెట్రో ప్రణాళికలో ఆయన పనిచేశారు. 1972లో శంకుస్థాపన జరిగితే మొదటి రైలు 1984లో కదిలింది. తొలి మార్గం దమ్‌దమ్ నుంచి టాలీగంజ్ వరకు పూర్తయ్యేసరికి 1995. ఏటా రైల్వే బడ్జెట్‌లో ఎంత విదిల్చితే అంత తవ్వడం, ఫిబ్రవరి దాకా ఎదురుచూడటం, మంత్రి మారితే కేటాయింపు మారడం, ఇదీ వరస. దేశంలో ప్రభుత్వ పనులు ఆలస్యమవడానికి అవినీతి ఒక్కటే కారణమని నమ్మేవారు ఈ కోల్‌కతా కథను ఒకసారి చదవాలి. విడతలవారీ నిధులు అవినీతి కన్నా తక్కువేమీ తినలేదు.

కొంకణ్ రైల్వేకు అందుకే మరో దారి వెతికారు. జార్జి ఫెర్నాండెజ్ రైల్వే మంత్రిగా, మధు దండావతే ఆర్థిక మంత్రిగా ఉన్న రోజులవి. ఇద్దరికీ ఆ తీరంతో అనుబంధం. విడిగా ఒక కార్పొరేషన్ పెట్టారు. రైల్వే శాఖ 51 శాతం, మహారాష్ట్ర, కర్ణాటక, గోవా, కేరళ మిగిలిన వాటా పెట్టాయి. మిగతా సొమ్ము ప్రధానంగా బాండ్ల ద్వారా మార్కెట్ నుంచి తెచ్చారు. 1998 జనవరి నాటికి పశ్చిమ కనుమలను తొలుచుకుంటూ 760 కిలోమీటర్ల మార్గం పూర్తయింది. బ్రిటిష్ వాళ్లు కూడా సాహసించని పని ఏడెనిమిదేళ్లలో ముగిసిందని అందరూ మెచ్చుకున్నారు. మెచ్చుకోవలసిందే. కానీ బాండ్లకు వడ్డీ ఉంటుంది, అది సకాలంలో పూర్తయిన సొరంగానికీ పడుతుంది, ఆలస్యమైన సొరంగానికీ పడుతుంది. ఆశించిన సరుకు రవాణా రాలేదు. అప్పుల కుప్ప పెరిగింది. చివరికి కేంద్రం ఆ రుణాన్ని ప్రిఫరెన్స్ వాటాలుగా మార్చి సంస్థను నిలబెట్టాల్సి వచ్చింది. కార్పొరేషన్‌ను భారతీయ రైల్వేలో విలీనం చేయడానికి వాటాదారు రాష్ట్రాలు ఒక్కొక్కటిగా సమ్మతిస్తూ వచ్చాయి. 2025లో మహారాష్ట్ర కూడా తలూపింది. ఏ బడ్జెట్ నుంచి తప్పించుకోవడానికి కార్పొరేషన్ పుట్టిందో, మూడున్నర దశాబ్దాల తరువాత ఆ బడ్జెట్ గుమ్మం ముందే నిలబడింది.

ఈ వైఫల్యం శ్రీధరన్‌ది అనలేం. ఆయన చేతికి ఇచ్చింది మార్గం నిర్మించే పని. అయినా కొంకణ్ ఆయనకు నేర్పినది ఢిల్లీలో కనిపిస్తుంది. 1995లో ఏర్పడిన ఢిల్లీ మెట్రో కార్పొరేషన్‌లో కేంద్రానికీ ఢిల్లీ ప్రభుత్వానికీ సమాన వాటా. మొదటి దశ వ్యయంలో సుమారు 60 శాతం జపాన్ రుణం. అతి తక్కువ వడ్డీ, ముప్పై ఏళ్ల గడువు, మొదటి పదేళ్లు అసలు కట్టనక్కర్లేదు. యెన్ పెరిగి రూపాయి పడిపోతే ఆ భారం ప్రభుత్వాలది. పన్నుల్లో మినహాయింపులు సరేసరి. రైల్వే పట్టాల మీద ఏ దేశంలోనైనా ఇంతకన్నా చౌకగా డబ్బు దొరకదు. 2002 డిసెంబరులో వాజపేయి షాహ్‌దరా-తీస్ హజారీ మార్గాన్ని ప్రారంభించిన రోజున ఆ రైలును నడిపించింది శ్రీధరన్ సమయపాలన ఎంతో, టోక్యో నుంచి వచ్చిన చౌక అప్పు కూడా అంతే. మొదటి దాని గురించి పుస్తకాలు వచ్చాయి. రెండో దాని గురించి ఎవరూ మాట్లాడరు.

కనుక 2008 నాటి లేఖను ఈ నేపథ్యంలో చదవాలి. చౌక అప్పుతో, ప్రభుత్వ పూచీతో మెట్రో కట్టిన మనిషి, బ్యాంకు వడ్డీతో మెట్రో కట్టబోతున్నవారిని చూసి ఇది లెక్కకు రాదు అన్నాడు. అది నైతిక ఆగ్రహం కన్నా ముందు కూడికలు తీసివేతల వ్యవహారం.

అటువైపు నిలబడినవారూ సామాన్యులు కారు. ప్రణాళికా సంఘం ఉపాధ్యక్షుడికి సలహాదారుగా ఉన్న గజేంద్ర హల్దియా అప్పటికే దేశ మౌలిక సదుపాయాల ఒప్పందాలకు వ్యాకరణం రాస్తున్న అధికారి. జాతీయ రహదారులకు, రేవులకు, నగర రైలుకు, అన్నింటికీ నమూనా కన్సెషన్ ఒప్పందాలు ఆయన బల్ల మీదే రూపుదిద్దుకున్నాయి. ఆయన వాదన తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. ప్రతి నగరానికీ ఢిల్లీలాగా ఇవ్వడానికి కేంద్రం దగ్గర డబ్బెక్కడిది? గిట్టుబాటుకు ఎంత తక్కువ పడుతుందో అంత మాత్రమే 'వయబిలిటీ గ్యాప్' నిధిగా ఇచ్చి, తక్కువ అడిగినవాడికి పని అప్పగిస్తే, మిగిలిన డబ్బుతో నాలుగు ఆసుపత్రులు కట్టుకోవచ్చు కదా? ఒప్పందం పకడ్బందీగా ఉంటే ఆలస్యం, వ్యయ పెరుగుదల, ప్రయాణికుల కొరత, అన్నీ ప్రైవేటువాడి నెత్తినే ఉంటాయి. రోడ్ల మంత్రిగా ఉన్నప్పుడు కమల్‌నాథ్ ప్రణాళికా సంఘాన్ని కుర్చీలో కూర్చుని సలహాలిచ్చేవారంటూ ఎద్దేవా చేశారు. ఆ ఎత్తిపొడుపులో మంత్రిగారి సొంత చికాకు చాలానే ఉంది. హల్దియా ఒప్పందాలు గుత్తేదారులకు సౌకర్యంగా లేవన్నది కూడా ఆ చికాకుకు ఒక కారణం.

హైదరాబాద్ ఆ వాదనకు ప్రయోగశాల అయింది. 2008లో టెండరు గెలిచిన మేటాస్ కూటమి గ్యాప్ నిధి అడగకపోగా, ఒప్పంద కాలంలో ప్రభుత్వానికే 30,311 కోట్ల రూపాయలు ఎదురుకట్నం ఇస్తానంది. మెట్రో చరిత్రలో అలాంటి బిడ్డు అంతకు ముందు లేదు. పెళ్లికూతురి తండ్రి అయినా సరే, ఇంత ఉదారుడైన వియ్యంకుడు దొరికితే ఊళ్లో ఒకసారి వాకబు చేస్తాడు. ప్రభుత్వం చేయలేదు, సంబరపడింది. సత్యం పేరును ఇంగ్లిషులో తిరగేస్తే మేటాస్. 2008 డిసెంబరులో సత్యం కంప్యూటర్స్ సొమ్ముతో మేటాస్ కంపెనీలను కొనే ప్రయత్నం బెడిసికొట్టింది. 2009 జనవరి 7న రామలింగరాజు ఒప్పుకోలు లేఖ వచ్చింది. నిధులు సమకూర్చుకోలేక మేటాస్ చేతులెత్తేస్తే, ఆ ఏడాది జూలైలో ఒప్పందం రద్దయింది. శ్రీధరన్ జోస్యం నాలుగు నెలల్లోనే ఫలించినట్టు అందరూ భావించారు. నిజానికి ఆ కుంభకోణం మెట్రోలో పుట్టలేదు, సత్యం ఖాతా పుస్తకాల్లో పుట్టింది. అయినా కాకి వాలిన కొమ్మ విరిగితే కాకికే పేరు.

అసలు పరీక్ష రెండో అంకంలో జరిగింది. 2010లో ఎల్ అండ్ టీ 1,458 కోట్ల రూపాయల గ్యాప్ నిధితో పని దక్కించుకుంది. దివాలా కంపెనీ కాదు, కాగితపు కంపెనీ కాదు. దేశంలో కట్టడం వచ్చిన సంస్థల్లో అగ్రగామి. 269 ఎకరాల స్థిరాస్తి హక్కులు, 35 ఏళ్ల ఒప్పందం. భారతీయ స్టేట్ బ్యాంకు నాయకత్వంలో బ్యాంకుల కూటమి 11,478 కోట్ల రూపాయల రుణం ఇచ్చింది. అప్పట్లో దేశంలో విద్యుత్తేతర పీపీపీ మౌలిక ప్రాజెక్టుకు దక్కిన అతి పెద్ద రుణమని ప్రకటించారు. ఇంతకన్నా మంచి చేతుల్లో ఈ నమూనాను పరీక్షించడం సాధ్యం కాదు. రాష్ట్ర విభజన ఉద్యమం, మార్గాల మార్పు వివాదాలు, భూసేకరణ ఆలస్యం దాటుకుని 2017 నవంబరులో మియాపూర్-నాగోల్ మధ్య రైలు కదిలింది. 2020 ఫిబ్రవరికి 69 కిలోమీటర్లు సిద్ధమయ్యాయి. వచ్చే నెలలోనే కరోనా.

కరోనాను తప్పుపట్టి ఊరుకోవచ్చు, కానీ అంకెలు ఊరుకోనివ్వవు. 2014 నాటికే రోజుకు 15 లక్షల మంది ఎక్కుతారన్నది ప్రాజెక్టు కాగితాల్లోని అంచనా. 2024లో, రైళ్లు కిక్కిరిసి నడుస్తున్న రోజుల్లో కూడా, సగటు ఐదు లక్షల దరిదాపుల్లోనే ఉంది. మాల్స్ కట్టారు, ఖాళీ అంతస్తులు అద్దెకు తిరగలేదు. రాయదుర్గం ఆస్తులు అమ్మి అప్పులో కొంత తీర్చారు. టికెట్ల ఆదాయం నడపడానికి సరిపోతుంది, వడ్డీ కట్టడానికి సరిపోదు.

శ్రీధరన్ హెచ్చరికలో తప్పిన భాగం ఇక్కడే ఉంది. ప్రైవేటు సంస్థ భూముల మీద అడ్డగోలు లాభాలు పిండుకుంటుందన్నది ఆయన భయం. జరిగింది దానికి విరుద్ధం. భూమి చేతికి వచ్చినా లాభం రాలేదు. నష్టం వచ్చింది, ఆ నష్టాన్ని మోయలేక సంస్థ వెళ్లిపోయింది. ఆయన చూసిన దొంగ రాలేదు, ఇల్లు మాత్రం గుల్లయింది. మెట్రో ఆదాయం బ్యాంకు వడ్డీని మోయలేదన్న ఆయన మూల సూత్రమే చివరికి నిలబడింది. హల్దియా వాదనలోని కీలకమైన మాట, అంటే నష్టభయం ప్రైవేటువాడికి బదిలీ అవుతుందన్న మాట, నిలబడలేదు. రోజుకు ఐదు లక్షల మంది ఎక్కే రైలును ఏ ప్రభుత్వమూ ఆపనివ్వదని బ్యాంకులకు తెలుసు, సంస్థకూ తెలుసు. అలాంటి చోట ఒప్పందంలో ఏ క్లాజు రాసుకున్నా ఆఖరి హామీదారు ఖజానాయే.

ఇది హైదరాబాద్‌కే పరిమితమైన కథ కాదు. గురుగ్రామ్ ర్యాపిడ్ మెట్రోను ఐఎల్ అండ్ ఎఫ్‌ఎస్ 2019లో హరియాణా ప్రభుత్వానికి వదిలేసింది. ముంబయి మొదటి లైను ఇంకా ప్రైవేటు చేతుల్లోనే ఉన్నా, 2024లో మహారాష్ట్ర మంత్రివర్గం దాన్ని సుమారు 4 వేల కోట్ల రూపాయలకు కొనాలని ఒకసారి నిర్ణయించి, తరువాత వెనక్కి తగ్గింది. ఇక ఢిల్లీ ఎయిర్‌పోర్ట్ లైను. ఈ ఉదంతాన్ని శ్రీధరన్ అభిమానులు సాధారణంగా దాటవేస్తారు. హైదరాబాద్‌లో పీపీపీ తప్పని ఆయన లేఖ రాసిన 2008లోనే, ఆయన సారథ్యంలోని ఢిల్లీ మెట్రో కార్పొరేషన్ ఎయిర్‌పోర్ట్ లైనును అదే పద్ధతిలో రిలయన్స్ ఇన్‌ఫ్రాకు ఇచ్చింది. సివిల్ పనులు కార్పొరేషన్‌వి, రైళ్లు, నిర్వహణ రిలయన్స్‌వి. 2011లో ప్రారంభమైన లైను, వయాడక్టు లోపాలతో 2012లో కొన్ని నెలలు ఆగింది. 2013లో రిలయన్స్ వదిలి వెళ్లింది. 2017లో మధ్యవర్తిత్వ తీర్పు కార్పొరేషన్ మీద 2,782 కోట్ల రూపాయలు, వడ్డీ వేసింది. 2021లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. వడ్డీతో అది 8 వేల కోట్లకు చేరువవుతున్న దశలో, 2024 ఏప్రిల్‌లో, క్యూరేటివ్ పిటిషన్ మీద అదే కోర్టు తన తీర్పును తిరగరాసింది. ఢిల్లీ ప్రయాణికులు వెంట్రుకవాసిలో బయటపడ్డారు.

ప్రయాణికుల అంచనాల విషయంలోనూ శ్రీధరన్ పక్షం చేతులు శుభ్రంగా లేవు. ఢిల్లీ మొదటి దశకు 2005 నాటికి రోజుకు 30 లక్షలకు పైగా ప్రయాణికులు అని తొలి నివేదికలో రాశారు. తరువాత తగ్గించారు, మళ్లీ తగ్గించారు. 2007 చివరికి కూడా ఏడు లక్షలు దాటలేదు. నెట్‌వర్క్ విస్తరించాక ఢిల్లీ నిండింది నిజమే, అందుకు మరో దశాబ్దం పట్టింది. కొచ్చికి డీపీఆర్ తయారుచేసింది ఢిల్లీ మెట్రో కార్పొరేషన్, నిర్మించిందీ అదే, శ్రీధరన్ ప్రధాన సలహాదారు. 2015కు 3.8 లక్షల మంది అన్నారు. 2017లో ప్రారంభమైన రైలు ఏళ్లు గడిచినా ఆ అంకె దరిదాపుల్లోకి రాలేదు. పని ఉందని చెప్పేవాడూ, ఆ పని చేసి రుసుము తీసుకునేవాడూ ఒకరే అయినప్పుడు, పని లేదన్న నివేదిక ఎన్నడైనా వస్తుందా? ఇది శ్రీధరన్ నిజాయితీ మీద సందేహం కాదు. 2009లో ఢిల్లీలోని జమ్రుద్‌పూర్‌లో నిర్మాణంలో ఉన్న వంతెన కూలి కార్మికులు మరణించినప్పుడు అదే రోజు రాజీనామా ఇచ్చిన మనిషి ఆయన. షీలా దీక్షిత్ దాన్ని తిరస్కరించారు. వంతెన కూలితే రాజీనామా ఇవ్వాలన్న విలువ ఇంజనీరుకు ఉంది. అంచనా కూలితే ఏమివ్వాలో సలహాదారుల వృత్తిలో ఎక్కడా రాసి లేదు. ఆ రోజు ఎవరూ చనిపోరు గనుక ఫొటో కూడా రాదు.

సిల్వర్‌లైన్ విషయంలో ఆయనే కేరళ ప్రభుత్వాన్ని ఈ ప్రశ్న అడిగారు. సుమారు 64 వేల కోట్ల రూపాయల్లో పూర్తవుతుందని కన్సల్టెంట్ల నివేదిక అంటే, అది ఎక్కడా సరిపోదని బహిరంగంగా చెప్పారు. నీతి ఆయోగ్ లెక్క 1.26 లక్షల కోట్లు. ఒకే పని, ఒకే మార్గం, రెండు అంకెల మధ్య రెట్టింపు తేడా. చిన్న అంకె రాసినవారికి రుసుము అందిపోయింది. పొలాల్లో పసుపు రాళ్లు పాతించుకున్న రైతులు మాత్రం నెలల తరబడి పోలీసులతో తోపులాడారు.

సలహాదారు లెక్కల మనిషి మాత్రమే అనుకుంటే అదీ పొరపాటే. లెక్క ఎప్పుడు విధానంగా మారుతుందో, విధానం ఎప్పుడు రాజకీయమవుతుందో గీత గీయడం కష్టం. 2019లో కేజ్రీవాల్ ప్రభుత్వం ఢిల్లీ మెట్రోలో మహిళలకు ఉచిత ప్రయాణం ప్రతిపాదించినప్పుడు, శ్రీధరన్ ప్రధాని మోదీకి లేఖ రాసి అడ్డుకోవాలని కోరారు. ఇవ్వదలచుకుంటే ఆ డబ్బు మహిళల ఖాతాల్లో వేయండి, మెట్రో ఆదాయాన్ని ముట్టుకోవద్దు అన్నది ఆయన సూచన. సంస్థ ఖాతాల కోణంలో అది తిరుగులేని మాట. కానీ బస్సు దిగి ఇంటికి నడిచి వెళ్లే పనిమనిషికి నగరంలో తిరగడమే ఒక హక్కు అనుకునేవారికి ఆ ఖాతా పుస్తకం అసంపూర్ణంగా కనిపిస్తుంది. 2023 డిసెంబరులో తెలంగాణ మహాలక్ష్మి పథకంతో ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం వచ్చింది. మెట్రోకు గిరాకీ తగ్గిందని ఎల్ అండ్ టీ బహిరంగంగానే వాపోయింది. ఒకే నగరంలో, ఒకే రోడ్డు మీద, పైన వెళ్లే రైలూ కింద వెళ్లే బస్సూ ఒకదానికొకటి పోటీ అని ఏ ఒప్పందం అయినా అనుకుంటే, తప్పు బస్సెక్కిన మహిళది కాదు. రెండింటినీ ఒకే సంస్థ కిందకు తెచ్చి ఒకే టికెట్ ఇవ్వాలని ఇరవై ఏళ్లుగా ఏ సలహాదారూ గట్టిగా పట్టుబట్టలేదు. బస్సుకు డీపీఆర్ ఉండదు. రుసుము కూడా ఉండదు.

2021లో, 88 ఏళ్ల వయసులో, శ్రీధరన్ బీజేపీలో చేరి పాలక్కాడ్ నుంచి పోటీ చేసి 3,859 ఓట్లతో ఓడిపోయారు. ఆ ఏడాది చివరికి క్రియాశీల రాజకీయాలు చాలించారు. ఆ ఓటమిని హేళన చేసినవారున్నారు. నిజానికి ఆయన జీవితంలో సలహా ఇచ్చి ఊరుకోకుండా ప్రజల తీర్పు కోసం నిలబడిన సందర్భం అదొక్కటే. కన్సల్టెన్సీ వృత్తిలో ఆ మాత్రం చేసినవారు వేళ్ల మీద లెక్కించేంత మంది కూడా లేరు.

హల్దియా వైపు నుంచి ఒక మాట మిగిలి ఉంది. దాన్ని దాచిపెట్టడం అన్యాయం. పద్దెనిమిది వేల కోట్లకు పైగా ఖర్చయిన 69 కిలోమీటర్ల మెట్రో, పదిహేనేళ్ల పాటు రాష్ట్రానికి స్వల్ప ఖర్చుతో నడిచి, చివరికి 15 వేల కోట్లకు చేతికొస్తోంది. నిర్మాణ దశ నష్టాలు సంస్థ భరించింది. ఇంకేం కావాలి? పైపైన చూస్తే బేరం బాగానే ఉంది. కానీ ఈ లెక్కలో లేని పద్దులున్నాయి. ప్రైవేటు యాజమాన్యం ఉన్నంత కాలం కేంద్రం భాగస్వామిగా రాలేదు, రెండో దశ కాగితం మీదే ఉండిపోయింది. బెంగళూరు, చెన్నై ఈ లోపు మార్గాలు పెంచుకుంటూ పోయాయి. 2014లో దేశంలో రెండో పెద్ద మెట్రోగా వెలగబోతున్నానన్న నగరం వెనుక వరసలోకి జారింది. పాతబస్తీకి వెళ్లాల్సిన ముక్క అసలు కట్టనే లేదు. అది గిట్టుబాటు కాదన్నది అందరికీ తెలిసిన రహస్యం.

ఇప్పుడు మళ్లీ నివేదికల కాలం వచ్చింది. హైదరాబాద్ రెండో దశలో ఐదు మార్గాలు, 76.4 కిలోమీటర్లు, 24,269 కోట్ల రూపాయలు. కేంద్ర, రాష్ట్ర వాటాలు, విదేశీ చౌక రుణం, ప్రైవేటుకు నామమాత్రపు పాత్ర. అంటే శ్రీధరన్ ఢిల్లీ నమూనా, పదిహేడేళ్లు ఆలస్యంగా. విజయవాడ, విశాఖలకు 2015 ప్రాంతంలో ఢిల్లీ మెట్రో కార్పొరేషన్ రాసిన నివేదికలు 2017 కేంద్ర మెట్రో విధానం దెబ్బకు అటకెక్కాయి. ప్రైవేటు భాగస్వామ్యం ఏదో ఒక రూపంలో లేకపోతే సాయం లేదని ఆ విధానం షరతు పెట్టింది. ఇప్పుడు ఆ రెండు నగరాలకు కలిపి 21 వేల కోట్ల రూపాయలు దాటిన పనులకు టెండర్లు పిలిచారు. నమూనా ఏదైనా, మూడు నగరాల నివేదికల్లోనూ ప్రయాణికుల అంకె ఒకటి ఉంటుంది. ఆ అంకె మీదే జపాన్‌లోనో బ్యాంకులోనో సంతకం పడుతుంది.

ఆ అంకె రాసినవారి పేరు నివేదిక అట్ట మీద మాత్రమే ఉండకూడదు. రైలు మొదలైన ఐదో ఏట, పదో ఏట వారి అంచనాను వాస్తవంతో పోల్చి కాగ్ శాసనసభ ముందు పెట్టాలి. కన్సల్టెంటు రుసుములో కొంత భాగాన్ని ఆ రోజు దాకా ఆపి ఉంచాలి. డీపీఆర్ రాసిన సంస్థకు ఆ పనిలో నిర్మాణ కాంట్రాక్టుగానీ, పర్యవేక్షణగానీ ఇవ్వకూడదు. ప్రయాణికుల సర్వే ఎక్కడ చేశారు, ఏ బస్సు మార్గాలు లెక్కలోకి తీసుకున్నారు, టికెట్ ధర ఎంత అనుకున్నారు అన్నవి టెండరు పిలవకముందే ప్రజల ముందుండాలి. 2017 విధానంలో స్వతంత్ర మదింపు అన్న మాట ఉంది. ఆ మదింపు పత్రం ఏ ఒక్క నగరంలోనైనా సామాన్యుడు చదవగలిగే చోట దొరికితే, అదే మార్పుకు మొదలు. ఈ సంస్కరణల్లో ఏ ఒక్కటీ పార్టీల మధ్య వివాదాస్పదం కాదు. అందుకే కాబోలు ఏ పార్టీ కూడా దాన్ని పట్టించుకోదు.

ఎంజీబీఎస్ నుంచి చార్మినార్ పక్కగా ఫలక్‌నుమా దాకా వెళ్లాల్సిన ఐదున్నర కిలోమీటర్లు మొదటి ఒప్పందంలోనే ఉన్నాయి. మేటాస్ కాలంలో ఉన్నాయి, ఎల్ అండ్ టీ కాలంలో ఉన్నాయి. ఇప్పుడు అవి చాంద్రాయణగుట్ట దాకా పెరిగి 7.5 కిలోమీటర్ల మార్గంగా రెండో దశ జాబితాలో చేరాయి. రోడ్డు వెడల్పు కోసం దారుల్‌షిఫా నుంచి శాలిబండ దాకా దుకాణాలు, ఇళ్లు కూల్చడం మొదలైంది. పరిహారం చెక్కులు తీసుకున్నవారిలో కొందరు, తమ ఇంటి గోడ మీద మెట్రో సర్వే గుర్తును పదిహేనేళ్ల నుంచి చూస్తున్నవారే.